ఓడలోంచి మన ఊరు

అమ్మలూ,

మొన్న రాత్రి ఫోన్‌లో అడిగావు, "అన్ని రోజులు నీళ్ల మధ్య ఏం చేశారు నాన్నా, బోర్ కొట్టలేదా?" అని. అటు బుజ్జిగాడు ఏడుస్తున్నాడు, నీకేమో ఏదో మీటింగ్ ఉందన్నావు, నేను "బాగుందమ్మా" అనేసి పెట్టేశాను. తర్వాత మనసొప్పలేదు. అందుకే కూర్చుని రాస్తున్నా, తీరిక దొరికినప్పుడు చదువుకో.

ముప్పై నాలుగేళ్లు విశాఖ పోర్టులో చేశాను కదా, ఇనుప ఖనిజం, బొగ్గు, ఎరువులు, ఎన్ని ఓడలు నింపించానో ఎన్ని ఖాళీ చేయించానో లెక్కలేదు. ఓడంటే నాకు షిఫ్టు, దుమ్ము, ఇంటికొచ్చాక రెండు బకెట్ల నీళ్లతో స్నానం. అలాంటి ఓడ మీద కుర్చీ వేసుకుని టీ తాగుతూ సముద్రం చూస్తానని ఏనాడూ అనుకోలేదు. మా పెళ్లిరోజుకని నువ్వు టికెట్లు పంపినప్పుడు కూడా, ఈ డబ్బుతో హాయిగా కాశీ వెళ్లొచ్చేవాళ్లం కదా అనే అనిపించింది. ఇప్పుడు అలా అనిపించడం లేదు.

మేం ఎక్కిన ఎంప్రెస్ అనే విహార ఓడని 1990లో ఫ్రాన్స్‌లో కట్టారు, నువ్వు పుట్టిన ఏడాదే. 210 మీటర్ల పొడవు, పదకొండు అంతస్తులు. మన ఔటర్ హార్బర్ వైపు 2023లో మొదలైన క్రూయిజ్ టెర్మినల్ ఉంది చూడు, అక్కడే ఎక్కాం. మీ అమ్మ కింద నిలబడి మెడ పైకెత్తి చూసి, "ఇంత బరువు ఎలా తేలుతుందండీ" అంది. బయల్దేరే ముందు అందరికీ లైఫ్ జాకెట్ల సంగతి చెప్పారు, ఏడు పొట్టి కూతలూ ఒక పొడుగు కూతా వినిపిస్తే ఎక్కడికి రావాలో చూపించారు. మీ అమ్మ ఆ చోటికి దారి రెండుసార్లు నడిచి మరీ గుర్తుపెట్టుకుంది.

రేవు దాటాక పోర్టు పైలట్ దిగడం చూశాను. ఓడని బయటిదాకా దాటించి, ఆయన ఓడ పక్కనున్న తాడు నిచ్చెన మీదుగా కింద చిన్న బోటులోకి దిగుతాడు. ఓడా ఆగదు, బోటూ ఆగదు. అల బోటుని పైకి లేపిన క్షణం చూసుకుని అడుగు వేశాడు, అంతే. ఇన్నేళ్లూ పైలట్లతో మాట్లాడాను, లాగ్‌బుక్కుల్లో "పైలట్ దిగెను" అని చదివాను, ఆ అడుగు మాత్రం ఎప్పుడూ చూడలేదు తల్లీ.

మీ అమ్మ సంగతి చెప్పాలి. మొదటి తెల్లవారి ఐదింటికే లేచి కేబిన్ మధ్యలో నిలబడింది. "ఏమిటే" అంటే, "పాల పాకెట్టు..." అని ఆగిపోయింది. పాలు కాచక్కర్లేదని తట్టేసరికి మళ్లీ పడుకోలేదు కానీ, కిటికీ దగ్గర కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుని నీళ్లు చూస్తూ ఉండిపోయింది. ఆమె చేతులు అలా ఖాళీగా ఉండగా నేనెప్పుడు చూశానో నాకు గుర్తు రాలేదు. గది సర్దే కుర్రాడు వచ్చేలోపు దుప్పట్లు తనే మడతపెట్టేసింది, అది మాత్రం మానలేదు. పైగా మోకాళ్ల నొప్పులకి ఈ ప్రయాణం ఎంత సుఖమో చెప్పలేను, పెట్టె ఒక్కసారి విప్పితే మళ్లీ దిగేటప్పుడే సర్దడం. ఊళ్లే మన దగ్గరికి వస్తాయి. పుదుచ్చేరి, చెన్నై అలాగే వచ్చి వెళ్లాయి, వాటి గురించి పెద్దగా రాయను, నువ్వు చూసినవే.

మనం స్కూటర్ మీద పూర్ణా మార్కెట్‌కి వెళ్లే వేగంతోనే ఓడ పోతుంది. తీరం కనుమరుగైన కాసేపటికి ఫోన్‌లో సిగ్నల్ పోయింది. వైఫై విడిగా కొనుక్కోవచ్చన్నారు, మేం కొనలేదు. అలా ఎవరూ పిలవకుండా, ఎవరికీ జవాబు చెప్పకుండా మీ అమ్మా నేనూ పక్కపక్కన కూర్చుని, మా పెళ్లిచూపుల నుంచి నీ ఇంజనీరింగ్ సీటు దాకా అన్నీ మాట్లాడుకున్నాం. నీకు సెలవుల్లో కూడా లాప్‌టాప్ ఒళ్లోనే ఉంటుంది కదా, నాకు నీ మీద బెంగ అక్కడే.

రెండో రాత్రి మాత్రం సముద్రం బాగా ఊగింది. మీ అమ్మకి కడుపులో తిప్పి ఏమీ తినలేకపోయింది, నేను భయపడ్డాను. ఓడలో వంటశాలలో పనిచేసే ఒక అబ్బాయి, శ్రీకాకుళం వైపు వాడు, మన యాస విని దగ్గరికొచ్చి, "అమ్మా, కేబిన్‌లో పడుకోకండి, ఓడ మధ్యలో కింది అంతస్తుకి రండి, అక్కడ ఊపు తక్కువ" అని దగ్గరుండి తీసుకెళ్లి అల్లం ముక్క తెచ్చిచ్చాడు. ఇల్లు చూసి ఆరు నెలలయిందట వాడికి. దిగేటప్పుడు మీ అమ్మ వాడి కోసం వెతికింది, కనిపించలేదు. అది ఇంకా అంటూనే ఉంది.

అర్ధరాత్రి ఒకసారి నేనొక్కణ్నే పైకి వెళ్లాను. వెనక నీళ్లలో ఓడ గీసిన తెల్లటి దారి, దూరంగా వేట పడవల దీపాలు రెండో మూడో, మిగతాదంతా చీకటే. నక్షత్రాలు అన్ని ఉంటాయని మర్చిపోయాను. మన డాబా మీద పడుకున్న రోజుల్లో కూడా అన్ని లేవు.

నీకు ఐదేళ్లప్పుడు ఆర్‌కే బీచ్‌లో మొక్కజొన్న పొత్తు తింటూ, లంగరేసిన ఓడని చూపించి "వాళ్లకి మనం కనిపిస్తామా నాన్నా?" అని అడిగావు. తెలీదన్నాను. తిరిగొచ్చే రోజు తెల్లవారుజామున ఆ జవాబు కోసమే రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాను. ముందు డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్, తర్వాత వెనకెక్కడో మసగ్గా సింహాచలం కొండలు, పక్కన కైలాసగిరి. మనం ఒడ్డు నుంచి ఎప్పుడూ సూర్యుణ్ని ఓడల వెనక చూస్తాం, ఓడలోంచి చూస్తే ఆ ఎండంతా వచ్చి మన ఊరి మీద పడుతుంది. రాస్ హిల్ చర్చి, పక్క కొండ మీద దర్గా, ఇంకో కొండ మీద వెంకన్న గుడి, మూడూ ఒకేసారి వెలిగాయి. ఇంకా దగ్గరికొచ్చాక బీచ్ రోడ్డు మీద వాకింగ్ చేసేవాళ్లు చుక్కల్లా కదులుతూ కనిపించారు. కనిపిస్తాం అమ్మలూ, ఎవరెవరో తెలీదు గానీ కనిపిస్తాం.

ఈసారి బుజ్జిగాడి వేసవి సెలవులకి అందరం వెళ్దాం. అల్లుడుగారిని కూడా సెలవు ఇప్పుడే అడిగి పెట్టుకోమను. టికెట్లు నేను కొంటాను, నువ్వు అడ్డం చెప్పకు, పెన్షన్ డబ్బు బ్యాంకులో ఊరికే పడుంది. కేబిన్లు కింది అంతస్తులో, ఓడ మధ్యలో తీసుకుందాం, మీ అమ్మ ఆ ఒక్క షరతూ పెట్టింది. తేదీలు చూసి చెప్పు.

నాన్న