నోయ్‌మార్క్ట్ స్టాప్‌లో ఆపిన పెద్దాయనకు

జర్మనీలోని కొలోన్ నగరంలో, ఎఫ్‌సీ కొలోన్ ఫుట్‌బాల్ క్లబ్ మ్యాచ్ రోజున నోయ్‌మార్క్ట్ ట్రామ్ స్టాప్‌లో, టికెట్ మెషిన్ ముందు మా ఇద్దరినీ ఆపిన పెద్దాయనకు కృతజ్ఞతలు. మెడలో క్లబ్ గుర్తైన మేక బొమ్మ ఉన్న ఎర్ర స్కార్ఫ్. పేరు అడిగే తీరిక దొరకలేదు. నేను కార్డు పెట్టబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, మా మ్యాచ్ టికెట్ మీద చిన్న అక్షరాల్లో ఉన్న లైను వేలితో చూపించారు. వీఆర్‌ఎస్ (కొలోన్, చుట్టుపక్కల ఊళ్ల ఉమ్మడి రవాణా వ్యవస్థ) పరిధిలో ట్రామ్, బస్సు, లోకల్ రైలు రానూపోనూ అందులోనే! ఉచితమేమీ కాదు లెండి, ఛార్జీ టికెట్ ధరలోనే కలిసి ఉంటుంది. అలాంటప్పుడు మళ్లీ కట్టడం దేనికి?

కిక్కిరిసిన 1వ నంబరు ట్రామ్‌లో మాకు నిలబడే చోటు కూడా ఆయనే చూపించారు. చెకింగ్ వస్తే 60 యూరోల జరిమానా అన్న టెన్షన్ లేకుండా తిరిగొచ్చాం. జర్మనీలో అన్ని క్లబ్బులూ ఈ సౌకర్యం ఇవ్వవు, మనవాళ్లు ముందు టికెట్ చూసుకోండి. డాంకె, పెద్దాయనా!