పత్రిక పుట్టకముందే పళ్లు పీకేస్తారా?

సంపాదకులకు,

అయ్యా,

ఇక్కడి చిత్ర, శిల్ప ప్రదర్శనల మీద సమీక్షలు రాసే ఉచిత పత్రిక ఒకటి మొదలవుతోందని మీరు లోపలి పేజీలో ఓ మూల వేసిన వార్త చదివి చాలా రోజులైంది. అప్పుడే రాయాల్సింది. ఈలోగా దాని మీద మీరు అచ్చువేసిన రెండు ఉత్తరాలు చూశాక ఇక ఊరుకోలేకపోతున్నాను. ఊరికే ఇచ్చేదాన్ని ఎవరు చదువుతారని ఒకాయన తేల్చేశారు. ఇంకొకాయన, పేరు కింద తన సంస్థ హోదా కూడా రాసుకుని మరీ, విమర్శ వర్ధమాన కళాకారుల్ని నిరుత్సాహపరుస్తుందనీ, కాబట్టి ‘ప్రోత్సాహకరంగా’ మాత్రమే రాయాలనీ హితవు చెప్పారు. పత్రికను ప్రకటించిన సభలో వక్తలు పాడిందీ ఇదే పాటట. మొదటి సంచిక ఇంకా ప్రెస్సుకైనా వెళ్లలేదు, అప్పుడే ఇంతమందికి ఇంత కంగారెందుకో!

అసలు ప్రోత్సాహానికి ఏం లోటు వచ్చింది? ప్రదర్శన పెట్టిన ప్రతివారికీ శాలువా కప్పుతున్నాం. ముఖ్య అతిథి రిబ్బను కత్తిరించి, బొమ్మల ముందు నుంచి చకచకా నడిచి, మైకు దగ్గరికొచ్చి ‘అద్భుతం’ అంటారు. మర్నాడు మీ పత్రికలో ఫొటో. అందులో అరడజను మంది పెద్దలు వరుసగా నిలబడి ఉంటారు, వాళ్ల భుజాల మధ్య నుంచి ఏదో ఒక ఫ్రేము అంచు కనిపిస్తుంది. కింద వార్తలో బొమ్మలు ‘ఆకట్టుకున్నాయి’, లేదా ‘కనువిందు చేశాయి’, మరీ నల్లగా ఉంటే ‘ఆలోచింపజేశాయి’. అవి నూనె రంగులో నీటి రంగులో, గీసినవారు ఏం చేయబోయారో, చేయగలిగారో లేదో ఒక్క ముక్క ఉండదు. అతిథుల పేర్లు మాత్రం ఇంటిపేర్లూ హోదాలతో సహా పొల్లుపోకుండా వస్తాయి. వారంపాటు గోడకు వేలాడిన ఆ బొమ్మలు దిగిపోయి కళాకారుడి ఇంట్లో అటక ఎక్కుతాయి. ఏళ్ల తరబడి చేసిన పని గురించి అతనికి మిగిలేది ఓ మెమెంటో, ఓ ఫొటో. నిరుత్సాహమంటే ఇదండీ. తన బొమ్మలో ఎడమవైపు కూర్పు ఎందుకు తేలిపోయిందో ఎవరైనా నిలబడి చూసి చెబితే, వారం రోజులు కోపంగా ఉన్నా ఆ తర్వాత పనికొస్తుంది.

కళాకారులు నొచ్చుకోవడం కొత్త సంగతేం కాదు. పారిస్‌లో లూవ్ర్ భవనంలో ‘సలోన్’ అనే చిత్ర, శిల్ప ప్రదర్శనలకు మామూలు జనాన్ని కూడా రానిస్తున్న కాలంలో, 1747లో లా ఫోన్ అనే ఆయన పేరు పెట్టుకోకుండా ఓ చిన్న పుస్తకం వేసి చిత్రకారుల తప్పులు ఎంచితే, చూడ్డానికి వచ్చినవాడికి తీర్పు చెప్పే హక్కు ఎవరిచ్చారని వాళ్లు మండిపడ్డారు. 1877లో లండన్‌లో చిత్రకారుడు విస్లర్ బొమ్మ మీద కళావిమర్శకుడు రస్కిన్ కటువుగా రాశాడు. విస్లర్ కోర్టుకెక్కాడు, మరుసటి ఏడాది గెలిచాడు కూడా. జ్యూరీ ఇప్పించిన పరిహారం ఒక్క ఫార్దింగు, అంటే పెన్నీలో నాలుగో వంతు! ఖర్చులు మీదపడి ఆయన దివాలా తీశాడు. అక్కడ రస్కిన్ చూపు పొరపాటే అయ్యుండొచ్చు, నా మట్టుకు నాకు విస్లర్ బొమ్మే ఇష్టం. అయినా ఆ తగాదా వల్ల బొమ్మ అంటే ఏమిటి, పూర్తయినట్టు ఎప్పుడు లెక్క అని ఓ నగరమంతా వాదించుకుంది. మన దగ్గర ఏ బొమ్మ గురించైనా ఇద్దరు వాదించుకోగా విన్నవారుంటే చెప్పండి.

ఉచితమైతే విలువుండదన్న పెద్దమనిషికి ఇంకో సంగతి. 1759 నుంచి ఫ్రెంచి రచయిత దిదెరో రాసిన సలోన్ సమీక్షలు అప్పట్లో అచ్చుకాలేదు. చేతిరాత ప్రతులుగా పరదేశపు రాజులకూ దొరలకూ, అదీ చందా కట్టిన గుప్పెడు మందికి మాత్రమే, వెళ్లేవి. ఆ బొమ్మల్ని ఉచితంగా చూసిన పారిస్ జనానికి వాటి మీద వచ్చిన అంత గొప్ప రాత చదివే భాగ్యం లేకపోయింది. ప్రదర్శనకు టికెట్టు లేనప్పుడు దాని మీద సమీక్షకు మాత్రం ఎందుకుండాలి? మన దేశంలోనూ బరోడాలో గులాం మొహమ్మద్ షేక్, భూపేన్ ఖఖర్ 1969లో ‘వృశ్చిక్’ అనే చిన్న పత్రిక పెట్టి నాలుగైదేళ్లు నడిపారు. ఇద్దరూ చిత్రకారులే. పత్రికకు తేలు పేరు పెట్టుకున్నవాళ్లకు ప్రోత్సాహకరంగా రాయమని ఎవరూ చెప్పినట్టు లేరు. తెలుగులో కళావిమర్శకుడు సంజీవదేవ్ చిత్రకళ గురించి ఎంత తేటగా రాశారో తెలిసినవారు ఇంకా ఉన్నారు. ఆయన 1999లో పోయారు. ఆ తర్వాత దినపత్రికల్లో చిత్రకళకు ఎంత చోటు మిగిలిందో మీకే బాగా తెలుసు.

పత్రిక పెట్టేవారికీ నాలుగు మాటలు చెప్పాలి. పాఠకుడు డబ్బు ఇవ్వకపోతే ఇంకెవరో ఇస్తారు, చిక్కంతా అక్కడే. ఒక పేజీలో ఓ గ్యాలరీ ప్రదర్శన మీద సమీక్ష, ఎదురు పేజీలో అదే గ్యాలరీ ప్రకటన ఉంటే ఆ సమీక్ష ఎలా ఉంటుందో చదవక్కర్లేకుండానే చెప్పొచ్చు. కేటలాగుల్లో వచ్చే ముందుమాటలు చూడటం లేదూ? చిత్రకారుడి డబ్బుతో రాసినదాంట్లో చిత్రకారుడు ఎప్పుడూ విశ్వంతో మమేకమయ్యే ఉంటాడు. అందుకే ఏ సంచికకు ఎవరు డబ్బిచ్చారో ఆ సంచికలోనే వేయండి. మీ గురువు గురించో, స్నేహితుడి గురించో రాస్తుంటే ఆ మాట మొదటి వాక్యంలోనే ఒప్పుకోండి. రాసేవారికి ఎంతో కొంత ఇవ్వండి. ఊరికే రాయించుకుంటే రెండో సంచికకు అందరికీ పనులు గుర్తొస్తాయి. రంగుల ఆర్టు పేపరు వద్దు, ఒకే పెద్ద కాగితాన్ని మడిచి ఎనిమిది పేజీలు చేసినా చాలు. అన్నిటికంటే ముఖ్యం, బొమ్మలు గోడ మీద ఉండగానే సమీక్ష రావాలి.

గ్యాలరీలతో సరిపెట్టుకోవద్దు. వంతెన స్తంభాలకూ ఆఫీసు గోడలకూ సుందరీకరణ పేరుతో పూసే బొమ్మల మాటేమిటి? వాటికి టెండర్లు పిలుస్తారు, చదరపు అడుగుకింత అని లెక్క కడతారు, ఆ గోడ పదేళ్లు మన కళ్లెదుటే ఉంటుంది. ఎవరు ఎంపిక చేశారు, ఏ కమిటీలో చిత్రకళ తెలిసినవారు ఎందరున్నారు అంటే జవాబుండదు. కూడళ్లలో పెట్టే విగ్రహాలు మరీ ఘోరం. పీఠం మీద పేరు చెక్కకపోతే ఆ మహానుభావుడి బంధువులే గుర్తుపట్టలేని విగ్రహాలున్నాయి. ఎత్తు ఎన్ని అడుగులో ప్రకటనలో గర్వంగా చెబుతారు, పోలిక ఊసెత్తరు. ప్రభుత్వ ప్రదర్శనశాలల్లోనేమో గోడలకు చెమ్మ, ఫ్రేము అద్దంలో బొమ్మకు బదులు ట్యూబులైటు. అడిగితే ప్రతిపాదనలు పంపామంటారు. ఎక్కడికి పంపుతారో, అవి ఎప్పుడు తిరిగొస్తాయో!

కాబట్టి కొత్త పత్రికవారికి నా విన్నపం: మొదటి సంచికలో ఓ కూడలి విగ్రహాన్ని తీసుకోండి. శిల్పి పేరు, అయిన ఖర్చు, ఎంపిక చేసిన కమిటీ వివరాలు సమాచార హక్కు కింద అడిగి తెప్పించుకుని సమీక్షతో పాటు వేయండి. జవాబు రాకపోతే అడిగిన తేదీ వేయండి. ఇక మీకు: ప్రదర్శన వార్తలో అది ఎప్పటివరకు ఉంటుందో, ఏ వేళల్లో తెరుస్తారో రాయించండి. చోటు చాలకపోతే ముఖ్య అతిథుల పేర్లలో రెండు తగ్గించండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు