మా మామయ్యగారిని సాగనంపిన అందరికీ

మామయ్యగారు పోయి నిన్నటికి నెలైంది. ఆ వారమంతా మా వెన్నంటి ఉన్నవాళ్లకి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాలనుకున్నాను. రెండు ఫోన్లు చేసేసరికే గొంతు పూడుకుపోయింది. అందుకే ఇలా రాస్తున్నాను. మా ఆయనకి తెలుగు చదవడం రాదు. రాసిందంతా ఆయనకి అర్థమయ్యేలా చెప్పి, సరే అన్నాకే పెడుతున్నాను.

మామయ్యగారిది దక్షిణ చైనాలో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రం, తైషాన్ ప్రాంతం. తొలిరోజుల్లో అమెరికా వచ్చిన చైనావాళ్లలో చాలామంది ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. చైనా కూలీలు రాకూడదని 1882లో ఇక్కడ చట్టం చేశారు, 1943 దాకా అది ఉంది. ఆ కాలంలో, ఇక్కడి పౌరుల కొడుకులమని చెప్పే కాగితాలు కొనుక్కుని, పరాయి ఇంటిపేరుతో ఎంతోమంది ఓడ దిగారు. 'కాగితం కొడుకులు' అంటారు వాళ్లని. మామయ్యగారి నాన్న అలాగే వచ్చారు. ఆ కొన్న ఇంటిపేరే మామయ్యగారికి వచ్చింది, మా ఆయనకి వచ్చింది, మా పాప స్కూల్ రిజిస్టర్లోనూ అదే ఉంది. 1965లో చట్టం మారాక తండ్రి పిలిపిస్తే, ఇరవై రెండేళ్ల వయసులో హాంకాంగ్ మీదుగా వచ్చి ఈ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒక వంటింట్లో గిన్నెలు తోమే పనికి కుదిరారు.

మిస్సోరీలో ఈ ఊరికి జీడిపప్పు చికెన్ పెట్టింది పేరు. డేవిడ్ లియాంగ్ అని, ఆయనా చైనా నుంచి వచ్చినాయనే, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశారు. 1963లో ఇక్కడ హోటల్ పెట్టబోతుంటే, తెరవకముందే ఎవరో డైనమైట్ పేల్చారు. ఆయన బాగుచేయించుకుని తెరిచారు. ఇక్కడివాళ్లకి వేపుడు చికెన్ ఇష్టమని, ముక్కలకి పిండి పట్టించి నూనెలో వేయించి, ఆయిస్టర్ సాస్ గ్రేవీ పోసి, పైన జీడిపప్పు, ఉల్లికాడలు చల్లి పెట్టారు. ఇప్పుడు ఊళ్లో ఎక్కడ చూసినా అదే. మామయ్యగారు 1984లో పన్నెండు టేబుళ్లతో సొంత హోటల్ తెరిచినప్పుడు మెనూలో మొదట రాసిందీ అదే.

నాది పలాస. మా అమ్మ పెళ్లికి ముందూ, తర్వాతా జీడి పిక్కలు కొట్టి మమ్మల్ని పెంచింది. జీడి పాలు తగిలి ఆవిడ వేళ్లకి పడిన నల్లటి మచ్చలు ఇప్పటికీ పోలేదు. నా పెళ్లయ్యాక మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు రెండు కిలోల పప్పు తెచ్చింది. మామయ్యగారు హోటల్ వంటింట్లో స్టీలు బల్ల మీద ఆ పప్పు పోసి, ఒక్కోటి తీసి లైటు కిందకి పెట్టి చూశారు. తర్వాత అమ్మ చేతులు చూశారు. ఇద్దరికీ మాట్లాడుకోవడానికి భాష లేదు. ఆయన చొక్కా చేతులు మోచేతి దాకా మడిచి, నూనె చింది కాలిన మచ్చలు చూపించారు. అమ్మ తన అరచేతులు తిప్పి పక్కన పెట్టింది. కాసేపు అలాగే నిలబడ్డారు. తర్వాత ఆయన వెళ్లి పొయ్యి వెలిగించారు. మా సంబంధం కలిసింది పెళ్లిరోజున కాదు, ఆ రోజునే అని నా మనసుకి.

ఇక చెప్పాల్సిన కృతజ్ఞతలు.

సమాధి రాయి మీద ఇంగ్లీషులో కాగితాల పేరు, చైనా అక్షరాల్లో అసలు పేరు, కింద సొంత ఊరి పేరు చెక్కించడం వాళ్లలో ఆనవాయితీ. అసలు ఇంటిపేరు నోటితో పలకడం వచ్చుగానీ, రాయడం మా ఇంట్లో ఎవరికీ రాదు. మిగిలింది బిస్కెట్ డబ్బాలో మామయ్యగారి అమ్మ రాసిన ఉత్తరాలే. సెయింట్ లూయిస్ నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ మూడు గంటలకు పైగా కారు నడుపుకుంటూ వచ్చి, రెండు రాత్రులు మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని అవన్నీ చదివారు. డబ్బు అందింది, వరి కోతలైపోయాయి, నీ చెప్పుల సైజు రాయి, ఇలాంటివే అన్నీ. మామయ్యగారి అసలు పేరూ, ఊరి పేరూ ఒక తెల్లకాగితం మీద పెద్దగా రాసి ఇచ్చారు. మా ఆయన ఆ అక్షరాల మీద వేలితో దిద్దుతూ చాలాసేపు కూర్చున్నారు. ఆవిడ పెట్రోలు డబ్బులు కూడా పుచ్చుకోలేదు. అమ్మా, మీ రుణం తీర్చుకోలేం.

అంత్యక్రియలకి వచ్చినవాళ్లకి తెల్ల కవర్లో ఒక నాణెం, ఒక చాక్లెట్ పెట్టి ఇస్తారు. చాక్లెట్ అక్కడే తినాలి, నాణెం ఇల్లు చేరేలోపు ఖర్చు పెట్టేయాలి. మూడు వందల కవర్లు కావలసి వచ్చింది. యూనివర్సిటీలో చదివే మన పిల్లలు పదకొండుమంది పరీక్షల టెన్షన్‌లో ఉండి కూడా వచ్చి, తెల్లవారుజాము రెండింటి దాకా కూర్చుని నింపారు. మీరొస్తే ఎండుమిరపకాయలు వేరే గిన్నెలో వేయించి పెట్టిన మనిషి కదా, మీకూ దుఃఖం ఉంటుంది.

ఆఖరి రోజుల్లో, ఇంట్లో చేసిన బియ్యపు గంజి ఆయనకి చెంచాతో తాగించిన నర్సమ్మకి, పాత ఆప్రాన్ కట్టుకుని వచ్చి నాలుగు రోజులు హోటల్ నడిపిన ఒకప్పటి పనివాళ్లకి, తలుపు మీద ఎవరో పిచ్చిరాతలు రాసిన ఆ 2020 నాటి ఉదయం మేం లేచేలోపే బకెట్లు పట్టుకుని వచ్చి తుడిచిన పక్క షాపువాళ్లకి కూడా ఇప్పుడే చెప్తున్నాను. అప్పట్లో మామయ్యగారు మీకు సూపు పంపి ఊరుకున్నారు, మాటల్లో చెప్పడం ఆయనకి రాలేదు.

ఏప్రిల్ మొదటి వారంలో చింగ్‌మింగ్ వస్తుంది, పెద్దల సమాధులు శుభ్రం చేసే రోజు. అప్పటికి రాయి నిలబెడతాం. రాగలిగినవాళ్లు రండి. ఏమీ తేవద్దు, నారింజపళ్లు, కోడి, టీ మేం పెడతాం.

మీ గిన్నెలు, రెండు రైస్ కుక్కర్లు, ఒక నీలం కూలర్ మా ఇంట్లోనే ఉన్నాయి. కడిగి పెట్టాను. సోమవారం తప్ప ఎప్పుడైనా హోటల్‌కి వచ్చి తీసుకెళ్లండి, తినే వెళ్లండి.