కంప్యూటర్ క్లబ్ పిల్లలు చూసొచ్చిన ఆఫీసు

తల్లిదండ్రులకు నమస్కారం.

మన కంప్యూటర్ క్లబ్ పిల్లలు ఈ నెల ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కంపెనీ (తాము రాసే కోడ్ ఎవరైనా చూసి, వాడుకుని, మార్చుకునేలా బయటపెట్టే సంస్థ) ప్రధాన కార్యాలయం చూసొచ్చారు. ఇంట్లో ఏం చెప్పారో గానీ, అక్కడ కంటికి కనిపించేది తక్కువే. బల్లలు, కంప్యూటర్లు, హెడ్‌ఫోన్లు పెట్టుకున్న మనుషులు. "వీళ్లు రాసే కోడ్ ఇంట్లో కూర్చునే చదవొచ్చు కదా, ఇంత దూరం ఎందుకు?" అని మాతో వచ్చిన టీచరే అన్నారు.

మధ్యాహ్నం ఓ సీనియర్ ఇంజనీరు కోడ్‌లో తాను చేసి పంపిన ఒక మార్పును పెద్ద తెర మీద తెరిచారు. తీసేసిన లైన్లు ఎరుపులో, కొత్తవి ఆకుపచ్చలో. కింద తోటివాళ్ల వ్యాఖ్యలు: "ఈ పేరు చూస్తే ఏం చేస్తుందో తెలియట్లేదు", "ఇది సరిగ్గా పనిచేస్తుందో చూసే టెస్ట్ ఏది?" అంత అనుభవం ఉన్నాయన రాసిందీ మళ్లీ మళ్లీ వెనక్కొచ్చింది, అదీ లోకమంతా చూస్తుండగా! మార్కులు తగ్గితే పేపరు దాచేసే మన పిల్లలు నోరెళ్లబెట్టారు. నా మటుకు నాకు ఆ కాసేపటికే ప్రయాణం గిట్టుబాటైంది.

"ఊరికే ఇచ్చేస్తే మీకు జీతాలెలా?" అని తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగేసింది. డబ్బు సాఫ్ట్‌వేర్‌కి కాదట, దాన్ని ఆగకుండా నడిపించి పెట్టే సేవకట. 1993లో మొదలైన రెడ్ హ్యాట్ అనే ఓపెన్ సోర్స్ కంపెనీ ఇలాగే ఎదిగింది. 2019లో దాన్ని ఐబీఎం దాదాపు 3,400 కోట్ల డాలర్లకు కొన్నది.

అలాగని ఓపెన్ సోర్స్ అంటే అడిగేవాళ్లు లేని సొత్తు కాదు. వాడుకునే షరతులు లైసెన్స్‌లో ఉంటాయి. ఎంఐటీ అనే లైసెన్స్ ఉన్న కోడ్ వాడుకుంటే అందులోని కాపీరైట్ నోటీసు అలాగే ఉంచాలి. జీపీఎల్ అనే మరో లైసెన్స్ ఉన్న కోడ్‌ని మార్చి ఇతరులకు ఇస్తే సోర్స్ కోడ్ (మనుషులు చదవగలిగే అసలు కోడ్) కూడా అందుబాటులో ఉంచాలి. అసలు రాసినవాళ్ల పేర్లు చెరిపేసి తెచ్చిన ప్రాజెక్టులు ఇకపై తీసుకోం.

ఇప్పుడు పిల్లలందరికీ గిట్‌హబ్ (కోడ్‌ని ఉంచి, పంచుకుని, కలిసి దిద్దుకునే వెబ్‌సైట్) ఖాతా కావాలట. 13 ఏళ్లు నిండనివారికి అక్కడ అనుమతి లేదు. దయచేసి వయసు మార్చి తెరిపించకండి. పెద్ద పిల్లలైతే, పంపే మార్పులతో పాటు ఈమెయిల్ కూడా అందరికీ కనబడే అవకాశం ఉంది. దాన్ని దాచే వీలు సెట్టింగుల్లో ఉంది, ముందు ఆ పని చేయించండి. ఫొటో అక్కర్లేదు. మొదట్లోనే కోడ్ రాయాలన్న టెన్షన్ కూడా వద్దు, వాడుక సూచనల్లో అక్షరదోషం దిద్ది పంపినా చాలు.

ఖాతా తెరవడానికి మీ సంతకంతో అనుమతి పత్రం కావాలి. క్లాస్ టీచర్‌కి ఇచ్చి పంపండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు