పుట్టిన బిడ్డ మెదడును చూడటానికి 21 రోజులా?

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ప్రజావాణిలో మూడుసార్లు అర్జీ ఇచ్చాను. మూడు రసీదులూ నా దగ్గరే ఉన్నాయి, జవాబు ఒక్కదానికీ రాలేదు. అందుకే ఈ ఉత్తరం నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మా బాబు పుట్టగానే ఏడవలేదు. జిల్లా ఆసుపత్రిలో అప్పుడే పుట్టిన బిడ్డల ప్రత్యేక చికిత్స విభాగంలో (ఎస్‌ఎన్‌సీయూ) పెట్టారు. రెండో రోజుకే ఫిట్స్ వచ్చాయి. వాడి పాదానికి ఎర్రగా వెలిగే చిన్న క్లిప్పు, పక్కన తెర మీద 96, 97 అంటూ అంకెలు. గాజు తలుపు ఇవతల నుంచి ఆ అంకెలనే చూస్తూ గుండె చిక్కబట్టుకున్నాను. నాలుగో రోజు పిల్లల డాక్టరు గారు నన్ను కూర్చోబెట్టి చెప్పారు: "అమ్మా, అది రక్తంలోని ఆక్సిజన్ లెక్క. మెదడు దాన్ని ఎంత వాడుకుంటోందో అది చెప్పదు. ఈ వారంలోనే ఎమ్మారై తీయాలి."

ఆ యంత్రం అదే ఆవరణలో ఉంది. మత్తు డాక్టరు లేరు, పసిపిల్లలకు తీయలేమన్నారు. మరునాడు, స్కాన్ గదిలో వాడదగిన మానిటర్ లేదన్నారు. ఆ మరునాడు, పెద్దవాళ్ల వరుసే పూర్తి కాలేదన్నారు. నగరానికి తీసుకెళ్లమని అక్కడ, ఫిట్స్ తగ్గేదాకా కదపవద్దని వార్డులో. చివరికి అప్పు చేసి ప్రైవేటులో తీయించేసరికి 21వ రోజు. తొలి వారంలో స్పష్టంగా కనిపించే మార్పులు ఆ తర్వాత మరుగున పడతాయట. రిపోర్టు చూసిన డాక్టరు "ఇప్పుడు కచ్చితంగా చెప్పలేనమ్మా" అన్నారు.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. ఆ మాట విన్నాక ఊరుకోలేక చదివాను. కడుపునిండా పాలు పట్టి, మెత్తటి గుడ్డలో చుట్టి, చెవులకు చప్పుడు సోకకుండా కప్పితే చాలామంది పసిపిల్లలకు మత్తు లేకుండా నిద్రలోనే స్కాన్ అయిపోతుంది. తల పైభాగంలోని పెద్ద సిర గుండా తిరిగి వెళ్లే రక్తంలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో ఎమ్మారైతోనే కొలిచే పద్ధతి కూడా వచ్చింది. సూది లేదు, రేడియేషన్ లేదు. ఆక్సిజన్ పోయిన హిమోగ్లోబిన్ అయస్కాంతానికి స్పందించే తీరు మారుతుంది కనుక అది సాధ్యమైంది. బాగా దెబ్బతిన్న మెదడు కణాలు అందిన ఆక్సిజన్‌ను వాడుకోలేవు, అది సిరలో అలాగే మిగిలిపోతుంది. పాదం దగ్గరి 97కు ఈ సంగతి తెలియదు.

ఈ కొలత ఇంకా పరిశోధన దశలోనే ఉంది. జిల్లా ఆసుపత్రిలో రేపే పెట్టమని అడగను. మన బోధనాసుపత్రులలో మొదలుపెట్టించండి. పుట్టుక సమయంలో ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతిన్న ఇలాంటి బిడ్డల శరీరాన్ని చల్లబరిచే చికిత్స సంపన్న దేశాలలో ఎందరినో కాపాడింది. కానీ భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో 408 మంది శిశువులతో జరిపిన అధ్యయనం 2021లో వెలువడింది, అందులో ఆ చికిత్స అందిన వారిలోనే మరణాలు ఎక్కువయ్యాయి. మన పిల్లల మెదడులో ఏం జరుగుతోందో మనం చూడకపోతే ఇంకెవరు చూస్తారు మంత్రి గారూ?

జిల్లా ఆసుపత్రిలో మాత్రం ఎమ్మారై యంత్రాన్ని రోజుకు ఒక్క గంట పసిపిల్లలకు కేటాయించండి. ఒక మానిటర్, ఒక నర్సు. తొలి వారం దాటనివ్వకండి, దయచేసి దాటనివ్వకండి.

బాబుకు ఇప్పుడు 11 నెలలు. మెడ ఇంకా నిలవలేదు. స్కాన్ త్వరగా తీసి ఉంటే నయమయ్యేదని నేను అనను. కానీ ఫిజియోథెరపీ మొదటి నెలలోనే మొదలయ్యేది. మాకు ఆరో నెలలో చెప్పారు.

వచ్చే సోమవారం నాలుగో అర్జీతో కలెక్టరేట్‌కు వెళ్తున్నాను. ఈసారి బాబును కూడా ఎత్తుకెళ్తాను.

ఇట్లు,
ఒక తల్లి