ఆ 780 గంటల సంగతి

ఒరేయ్ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. విదేశంలో సెమిస్టర్ ఖాయమైందని చదవగానే ఎగిరి గంతేశాను. కానీ దాంతోపాటు నువ్వు పంపిన ప్రణాళిక చూశాక నీరసం వచ్చింది. ప్రతి శని ఆదివారాలకూ ఒక కొత్త ఊరు, దానికో రైలు! చుట్టి రావాలన్న ఉబలాటం నాకు తెలియనిది కాదు. కానీ ఊళ్లు ఎక్కడికీ పోవురా. ఉద్యోగం వచ్చాక నాలుగు రోజులు సెలవు పెట్టి చూసుకోవచ్చు. పరాయి విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా, అక్కడి హాస్టల్ గది తాళంచెవి జేబులో వేసుకుని తిరగడం మాత్రం తరవాత ఎంత డబ్బు పోసినా దొరకదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. ఓపిగ్గా చదువు.

నీకు లెక్కలంటే ఇష్టం కదా, లెక్కతోనే మొదలుపెడతాను. సెమిస్టర్ అంటే పదిహేను వారాలనుకో. మొత్తం 2,520 గంటలు. ఐరోపా క్రెడిట్ల పద్ధతిలో సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని. అంటే చదువుకే 900 గంటల దాకా పోతాయి. రోజుకు ఎనిమిది గంటల నిద్ర వేసుకుంటే మరో 840. మిగిలేవి 780. వంట, బట్టలు ఉతకడం, జలుబు చేసి ముసుగుతన్ని పడుకోవడం, అన్నీ అందులోనే సర్దుకోవాలి.

ఇప్పుడు ఇది విను. కాన్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ 2018లో ఒక పరిశోధన ప్రచురించాడు. ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, కాస్త గట్టి స్నేహానికి 90, ప్రాణస్నేహానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలట. క్లాసులో పక్కపక్కన కూర్చున్న గంటలు, కలిసి పనిచేసిన గంటలు ఇందులో పెద్దగా అక్కరకు రావట. పనీపాటా లేకుండా కబుర్లాడుకున్నవీ, ఆటలాడుకున్నవీ, నవ్వుకున్నవే లెక్క! మనిద్దరం హాస్టల్ మెట్ల మీద తగలేసిన సాయంత్రాలకు ఇన్నాళ్లకు శాస్త్రం మద్దతు దొరికింది.

నీ 780 గంటల్లో ఎంతమందికి చోటుందో నువ్వే చూసుకో. ఇద్దరికి, మహా అయితే ముగ్గురికి. కాబట్టి వెళ్లిన వారంలోనే వందమందితో చేతులు కలిపి, వాళ్లందరి నంబర్లూ ఫోనులో దాచుకుని మురిసిపోకు. ఇంకొకటి: ఇంటికి రోజూ గంటసేపు ఫోను చేస్తే సెమిస్టర్ మొత్తానికి 105 గంటలవుతాయి. ఒక గట్టి స్నేహం అందులో కొట్టుకుపోయినట్లే. ఈ లెక్క మాత్రం అమ్మకు చెప్పకు.

అందుకే హాస్టల్ విషయంలో నా మాట విను. ఒక్కడికే అన్ని సౌకర్యాలూ ఉన్న గది ఇస్తామంటే వద్దను. వంటగది పదిమందికీ ఉమ్మడిగా ఉన్న వరండాలో గది అడుగు. ఫెస్టింగర్, షాక్టర్, బ్యాక్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలోని విద్యార్థి కుటుంబాల ఇళ్ల మీద చేసిన అధ్యయనం 1950లో పుస్తకంగా వచ్చింది. పక్క వాటాలో ఉన్నవాళ్లలో 41 శాతం మంది దగ్గరి స్నేహితులయ్యారు. అదే వరండాకు ఆ చివర ఒకరూ ఈ చివర ఒకరూ ఉంటే 10 శాతమే. అభిరుచులు కలవడం అవన్నీ తరవాతి మాట, ముందు తలుపులు దగ్గరగా ఉండాలి. మన భాషవాళ్లందరూ ఒకే అంతస్తులో గుంపుగా ఉందామంటారు చూడు, అది హాయిగా ఉంటుంది, కాదనను. కానీ అంత హాయి కోసం అంత దూరం వెళ్లడమెందుకు?

క్లబ్బుల సంగతి. మొదటి వారంలో మైదానంలో బల్లలు వేసుకుని అందరూ పిలుస్తారు. కనబడ్డ ప్రతి కాగితం మీదా సంతకం పెట్టకు. ఒక్కటి చాలు. అదీ వారం వారం ఒకే చోట, ఒకే వేళకు కలిసేది, నువ్వు రాకపోతే ఎవరో ఒకరు ‘వాడేడీ’ అని అడిగేది అయివుండాలి. నేను నాటక సంఘంలో చేరాను. వేషం ఇవ్వలేదు, తెర లాగే పని ఇచ్చారు. తాడు పట్టుకుని చీకట్లో నిలబడాలి. దీపాలు చూసే అమ్మాయి చిన్న టార్చి రెండుసార్లు ఆర్పి వెలిగిస్తే లాగాలి. చివరి రంగంలో నాయకుడు చచ్చిపోతాడు. చప్పట్లు పడేకొద్దీ అతగాడు రోజురోజుకూ ఇంకాస్త ఎక్కువసేపు చావడం మొదలుపెట్టాడు. అక్కడ అతను చస్తుంటే, ఇక్కడ మేమిద్దరం నవ్వు ఆపుకోలేక చచ్చేవాళ్లం. ఆ అమ్మాయి ఇప్పటికీ నాకు ఉత్తరాలు రాస్తుంది. వేషం దొరికివుంటే సంభాషణలు బట్టీ పడుతూ కూర్చునేవాణ్ని!

చదువు మాట రెండు ముక్కల్లో. ఇక్కడ లేని కోర్సు కనీసం ఒక్కటైనా తీసుకో. కోర్సులు మార్చుకోవడానికి చాలా చోట్ల మొదట్లో కొద్ది రోజులే గడువుంటుంది. ఆలోగా మార్చుకుని, ఆ మార్పుకు మన శాఖ అనుమతి రాతపూర్వకంగా తెప్పించుకో. నోటిమాట నమ్ముకుంటే తిరిగొచ్చాక క్రెడిట్ల కోసం ఆఫీసు చుట్టూ ప్రదక్షిణలు తప్పవు. ప్రొఫెసర్లు విద్యార్థుల కోసం వారానికి ఇన్ని గంటలని కేటాయించి తలుపు తెరుచుకుని కూర్చుంటారు. పరీక్షలు దగ్గరపడేదాకా ఆ ఛాయలకు ఎవరూ పోరు. నువ్వు రెండో వారంలోనే ఒక మంచి ప్రశ్న పట్టుకుని వెళ్లు. రేపు సిఫారసు లేఖ అడిగినప్పుడు ఆయనకు నీ మొహం గుర్తుండాలి కదా.

మధ్యలో దిగులు వస్తుంది. కాలెర్వో ఓబర్గ్ అనే మానవ శాస్త్రవేత్త దీని గురించి 1960లోనే వ్యాసం రాశాడు. మొదట అంతా ముద్దుగానే ఉంటుందట, ఆ తరవాతే చిరాకు. ఆ మోజు కొందరికి కొద్ది రోజులు, కొందరికి ఆరు నెలల దాకా ఉంటుందన్నాడు. నీ అదృష్టం బాగుంటే మోజు తీరేలోపే విమానం ఎక్కేస్తావు. తీరిపోతే మాత్రం గదిలో తలుపేసుకోకు, వంటగదిలోకి పోయి కూర్చో.

తిరిగి వచ్చేముందు ప్రతి కోర్సు సిలబస్ ప్రతులూ నీ సొంత ఈమెయిలుకు పంపుకో. అక్కడి విశ్వవిద్యాలయం ఇచ్చిన ఖాతాను తరవాత మూసేయవచ్చు. మార్కుల జాబితా ఎప్పుడు, ఎవరికి పంపుతారో కూడా కనుక్కో.

అన్నీ రాశావు గానీ, హాస్టల్ దరఖాస్తుకు ఆఖరు తేదీ ఎప్పుడో రాయలేదు. ఉమ్మడి వంటగది ఉన్న గదులు ముందే అయిపోతాయి. ఇవాళే చూసి జవాబు రాయి.

నీ
పాత రూమ్మేట్