బిట్‌కాయిన్‌ను బంగారంతో తూచేటప్పుడు

సంపాదకులకు,

బిట్‌కాయిన్‌ను ‘డిజిటల్ బంగారం’ అంటూ వ్యాపార పేజీల్లో వస్తున్న పోలికలు చాలావరకు ధరల గ్రాఫుతో మొదలై గ్రాఫుతోనే ముగుస్తున్నాయి. దాచుకునే వస్తువుకు అదొక్కటే సరిపోదు. కొన్నరోజే ఎంత పోతుంది, అమ్మితే పన్ను పోను చేతికెంత వస్తుంది, దాచినవాళ్లు లేకపోతే ఇంట్లోవాళ్లకు దక్కుతుందా అన్నవి చూడాలి. ఈ లెక్క వేస్తే నగలు కూడా మనం అనుకున్నంత గట్టివి కావని తేలుతుంది.

10 గ్రాముల 22 క్యారెట్ల గొలుసుకు 12 శాతం తరుగు వేశారనుకుందాం. కొన్నది 10 గ్రాములైనా డబ్బు కట్టేది 11.2 గ్రాములకు. 3 శాతం జీఎస్టీ కలిపితే 11.54 గ్రాముల ఖరీదవుతుంది. మర్నాడే అమ్మబోతే, కరిగింపు కింద 2 శాతం కోశారనుకున్నా 9.8 గ్రాముల సొమ్మే వస్తుంది. అంటే పెట్టిన నూటికి 85. ధర దాదాపు 18 శాతం పెరిగితేగాని అసలు తిరిగిరాదు. రాళ్ల నగలతో ఇంకా నష్టం. కొనేటప్పుడు రాళ్ల బరువు కూడా బంగారం లెక్కలో కలిసిపోతే, అమ్మేటప్పుడు అదంతా తీసేస్తారు. అందుకే బిల్లులో మొత్తం బరువు, రాళ్లు పోను నికర బరువు విడివిడిగా రాయించుకోవాలి. అదే 3 శాతం మజూరీతో బిళ్ల కొంటే, అంతే కోత పడినా నూటికి 92 వస్తాయి. ఒకటి గుర్తుంచుకోవాలి: బ్యాంకులు తాము అమ్మిన బిళ్లలను తిరిగి కొనవు. అమ్ముకోవాలంటే నగల దుకాణానికే వెళ్లాలి.

హాల్‌మార్క్ ముద్ర ఉందని చూసి ఊరుకోకూడదు. హాల్‌మార్క్ నగలకు 2023 ఏప్రిల్ 1 నుంచి అంకెలు, అక్షరాలు కలిసి మొత్తం ఆరుండే గుర్తింపు నంబరు (హెచ్‌యూఐడీ) తప్పనిసరి. దాన్ని ప్రభుత్వ ప్రమాణాల సంస్థ బీఐఎస్ నడిపే ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే స్వచ్ఛతతోపాటు అది ఏ రకం నగో కూడా కనిపిస్తుంది. చేతిలో ఉన్నది గొలుసై, యాప్ ఉంగరమని చూపిస్తే ఆ నంబరు మరో నగది.

ఇక క్రిప్టో, అంటే బిట్‌కాయిన్ లాంటి కంప్యూటర్ నాణేలు. బిట్‌కాయిన్‌కు తరుగు లేదు, రాళ్లు లేవు, గీటురాయి మీద గీయాల్సిన పని లేదు. మొత్తం 2.1 కోట్లకు మించి పుట్టవు. సుమారు నాలుగేళ్లకోసారి కొత్తగా వచ్చేవి సగానికి తగ్గుతాయి. 2024 ఏప్రిల్ నుంచి ఒక్కో బ్లాకుకు (లావాదేవీల కట్టకు) 3.125 మాత్రమే. ఈ గుణాలు నిజమైనవే, వాటిని తక్కువ చేయను. కానీ ఇవి బిట్‌కాయిన్‌వి, క్రిప్టో అన్న పేరున్న ప్రతిదానివీ కావు. 80 డాలర్లున్న లూనా అనే కాయిన్ 2022 మేలో కొద్ది రోజుల్లోనే దాదాపు సున్నా అయింది. బిట్‌కాయిన్ కూడా 2021 నవంబరులో సుమారు 69 వేల డాలర్ల నుంచి ఏడాది తిరిగేసరికి 16 వేల దిగువకు వచ్చింది. పెళ్లి ముహూర్తమో, ఆస్పత్రి ఖర్చో ఆ నెలలోనే వచ్చిపడిన కుటుంబానికి తర్వాత మళ్లీ పెరగడం వల్ల ఒరిగేదేమీ లేదు.

బంగారం పడదని కాదు. 1980 జనవరిలో ఔన్సు 850 డాలర్లు, 1999లో 250 చిల్లర. మన ఇళ్లలో అది పతనంలా ఎందుకు తోచలేదంటే, అదే కాలంలో డాలరు ఎనిమిది రూపాయల నుంచి 43కు చేరింది. రూపాయి పతనం బంగారం పతనాన్ని కప్పేసింది. బిట్‌కాయిన్‌కూ డాలరు ధరే కాబట్టి ఈ ఆసరా దానికీ ఉంది. ఆ ఒక్క విషయంలో పోలిక న్యాయమే.

పన్ను దగ్గరే రెండింటి దారులూ విడిపోతాయి. బంగారాన్ని 24 నెలలు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం. లక్ష లాభానికి సెస్సుతో (పన్ను మీద వేసే అదనపు పన్నుతో) 13,000. క్రిప్టోకు పదేళ్లు దాచినా, పది రోజులు దాచినా 30 శాతమే, సెస్సుతో 31,200. అంతకన్నా ఘోరం నష్టాల సంగతి. బిట్‌కాయిన్‌లో లక్ష లాభం, ఇంకో కాయిన్‌లో లక్ష నష్టం వచ్చిందనుకోండి. నికరంగా మిగిలింది సున్నా, కట్టాల్సింది 31,200. నష్టాన్ని వచ్చే ఏడాదికీ మోయనివ్వరు. ఇదికాక అమ్మిన మొత్తం మీద 1 శాతం టీడీఎస్ (ముందే కోసే పన్ను) పోతుంది. రిటర్న్ వేసేదాకా ఆ డబ్బు ఇరుక్కున్నట్టే. దీన్ని తప్పించుకుందామని పీ2పీలో, అంటే మనిషికి మనిషి నేరుగా, తెలియనివాళ్లకు అమ్మేవారున్నారు. అవతలివాడు పంపింది సైబర్ మోసగాళ్ల సొమ్మయితే, పోలీసుల ఆదేశంతో అమ్మినవాళ్ల బ్యాంకు ఖాతా స్తంభిస్తుంది. పన్నుకన్నా ఆ చిక్కు పెద్దది.

దాచే విషయంలో రెండువైపులా భ్రమలున్నాయి. లాకర్లో నగ పోతే బ్యాంకు పూర్తి విలువ ఇస్తుందనుకుంటారు. దొంగతనం, అగ్నిప్రమాదం, సిబ్బంది మోసం లాంటివి జరిగినా బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే. 3,000 అద్దె కడితే 3 లక్షలు. అలాగే ఎక్స్ఛేంజీ (కాయిన్లు కొని అమ్మే వేదిక) ఖాతాలో కనిపించే కాయిన్ మన చేతిలో ఉన్నట్టు కాదు. 2024 జులైలో వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజీ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన కాయిన్లు దొంగల పాలయ్యాక వాడుకదారుల సొమ్ము నెలల తరబడి ఆగిపోయింది.

సొంత వాలెట్‌లో, అంటే కాయిన్లను తమ దగ్గరే ఉంచుకునే పరికరంలో, దాచేవాళ్లకు 12 లేదా 24 పదాల వరుసే తాళంచెవి. దాన్ని ఫొటో తీయకూడదు, వాట్సాప్‌లో పంపకూడదు. కాగితం తడిసినా కాలినా పోతుంది కాబట్టి ఉక్కు రేకు మీద చెక్కించేవారుంటారు, కానీ చెక్కేవాడి కంట పడితే మొత్తం పోయినట్టే, మనమే చెక్కుకోవాలి. పెద్ద మొత్తం పంపకముందు కొద్దిగా పంపి, పరికరాన్ని పూర్తిగా చెరిపేసి, రాసుకున్న పదాలతో తిరిగి తెరిచి చూడాలి. ఒక్క పదం తప్పు రాసినా అప్పుడే బయటపడుతుంది. చాలామంది ఈ పరీక్షే చేయరు. ఇంట్లో ఇంకొకరికి ఆ పదాలు ఎక్కడున్నాయో తెలియకపోతే, మనిషితోపాటే సొమ్మూ పోతుంది. ఏ కోర్టు వారసత్వ పత్రమూ వాటిని తెరవలేదు. బీరువాలోని కాసులపేరుకు ఆ ఇబ్బంది లేదు. అప్పటికప్పుడు డబ్బు కావాలంటే అమ్మకుండానే బ్యాంకులో తాకట్టు పెట్టుకోవచ్చు.

వెండి గురించి కొంచెమే చెప్పాలి. 1980 జనవరిలో ఔన్సు 50 డాలర్లకు చేరువై, మార్చి చివరికి 11 దిగువకు పడింది. మళ్లీ ఆ ధర దరిదాపులకు రావడానికి 2011 దాకా పట్టింది. పట్టీలు, కుంకుమ భరిణెలు అమ్మబోతే స్వచ్ఛత పేరుతో పడే కోత బంగారంకన్నా ఎక్కువ.

బిళ్లల రూపంలోని బంగారం దాపుడు సొమ్ము, బిట్‌కాయిన్ పోయినా ఇల్లు గడిచేంత డబ్బుతోనే ఆడాల్సిన పందెం అన్నది నా అభిప్రాయం. మీ పత్రికను కోరేది ఒక్కటే. ఇకమీదట ఈ రెండింటినీ పోల్చే పట్టిక వేసినప్పుడు ధర పక్కనే ఇంకో గడి గీసి, లక్ష రూపాయలు పెట్టినవాళ్లకు తరుగు, జీఎస్టీ, పన్ను పోను చేతికి ఎంత వచ్చిందో కూడా అచ్చు వేయండి.

ఇట్లు,
పన్ను లెక్కలు చూసే ఒక పాఠకుడు,
తెనాలి